రేజ్ వదిలితే సైలెన్సర్ టపటపమంటోందా?

కార్బ్యురేటర్ బండి ఐడిల్‌లో (రేజ్ ఇవ్వకుండా ఆన్‌లో ఉంచినప్పుడు) నిలవకుండా, రేజ్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్‌లో టప్ టప్ మంటుంటే వెంటనే కార్బ్యురేటర్ విప్పించకండి. చాలాసార్లు తప్పు దానిది కాదు, ఎక్కడో బయటి గాలి లాగుతోంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ బెండ్ పైపు ఇంజిన్ హెడ్‌కి కలిసే చోట చూడండి. నల్లటి మసి చారలు కనిపిస్తే అక్కడి గ్యాస్కెట్ (అతుకు సందు మూసే రింగు) లీకవుతున్నట్టే. రేజ్ వదలగానే ఆ సందులోంచి గాలి లోపలికి దూరి, మండకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి వేడి పైపులో అంటుకుంటుంది. ఆ చప్పుడు అదే. కొత్త గ్యాస్కెట్ వేసి రెండు నట్లనూ మార్చి మార్చి, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదానికి వెళ్తే ఫ్లాంజ్ (నట్లు పట్టే పైపు అంచు) వంకరగా కూర్చుని మళ్లీ లీకవుతుంది.

తర్వాత కార్బ్యురేటర్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే గొట్టం, అంటే మానిఫోల్డ్ చూడండి. బండి ఐడిల్‌లో ఉండగా దాని అతుకుల చుట్టూ కొద్దిగా సబ్బునీళ్లు స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారితే గాలి లాగేది అక్కడే. కొందరు పెట్రోల్ చల్లి చూస్తారు. వేడి ఇంజిన్ మీద అది చాలా ప్రమాదం, వద్దే వద్దు.

ఈ రెండూ బాగుంటే స్పార్క్ ప్లగ్ తీసి చూడండి. మొన తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ అందుతోంది, కార్బ్యురేటర్‌లో ఐడిల్‌కి పెట్రోల్ అందించే సన్న రంధ్రం, పైలట్ జెట్, మూసుకుపోయి ఉండొచ్చు. దాన్ని తీగతో గుచ్చితే రంధ్రం పెద్దదై సెట్టింగే పోతుంది. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, ఎయిర్ పట్టిస్తే చాలు. ప్లగ్ మొన మసిబారి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్, చోక్ చూడండి.