ధారావాహిక పాఠం 4: లాయరు చేతిలో పడ్డదంతా రహస్యమేనా?

పోయినసారి అభ్యాసం ఇది: నటి స్టార్మీ డేనియల్స్ నోరు మూయించడానికి ట్రంప్ లాయరు మైకేల్ కోహెన్ ఇచ్చిన 1,30,000 డాలర్ల లెక్కకు ప్రివిలేజ్, అంటే లాయరుతో మాట్లాడింది బయటపెట్టనక్కర్లేని రక్షణ, ఉంటుందా? మీరు పంపిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట బోల్తా పడ్డాయి. "మైకేల్ కోహెన్ లాయరు, ట్రంప్ అతని క్లయింటు, కాబట్టి 1,30,000 డాలర్ల లెక్కకు ప్రివిలేజ్ ఉంటుంది" అని రాశారు. ఇందులో నా పొరపాటూ ఉంది. "లాయరుకు చెప్పింది బయటికి రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. క్లయింటు ఈ రక్షణను ఎలా వదులుకుంటాడో ఈసారి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి పోయింది.

ఈ హక్కు క్లయింటుది, లాయరుది కాదు. అది మీకు వచ్చేసింది కాబట్టి మళ్లీ చెప్పను.

న్యాయ సలహా కోసం లాయరుతో గుట్టుగా మాట్లాడిన మాటకే రక్షణ. చేసిన పనికి లేదు. నేనైతే వాక్యంలో క్రియ కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. అడిగాడు, చెప్పాడు, సలహా ఇచ్చాడు అని ఉంటే ఆగి ఆలోచిస్తాను. పంపాడు, కట్టాడు, ఖాతాలో రాశాడు అని ఉంటే దాదాపు ఎప్పుడూ ముందుకు వెళ్లిపోతాను.

2016 అక్టోబరులో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, కోహెన్ ఒక డొల్ల కంపెనీ ఖాతా నుంచి స్టార్మీ డేనియల్స్ లాయరుకు ఆ డబ్బు పంపాడు. క్రియ "పంపాడు". రెండు వైపులా లాయర్లే ఉన్నా అది బ్యాంకు లావాదేవీయే.

ఇక నాకు ఒళ్లు మండేది "రిటైనర్" అనే మాట దగ్గర, అంటే లాయరును పెట్టుకున్నందుకు ఇచ్చే ఫీజు. ట్రంప్ కంపెనీ ఆర్థిక అధికారి అలెన్ వైసెల్‌బర్గ్ కోహెన్‌కు ఎంత తిరిగివ్వాలో ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ మీదే చేత్తో లెక్క వేశాడు. 1,30,000కి వేరే పని తాలూకు 50,000 కలిపితే 1,80,000. పన్ను పోను చేతికి అంత మిగలాలని దాన్ని రెట్టింపు చేస్తే 3,60,000. బోనస్ 60,000. మొత్తం 4,20,000, నెలకు 35,000. ఆ కాగితంలో న్యాయ సలహా ఏ మూల ఉందో వెతకండి. ఉన్నది బాకీ తీర్చే కూడిక. అదే 35,000 పుస్తకాల్లోకి వచ్చేసరికి "లీగల్ ఖర్చు" అయింది. మీలో చాలామంది ఆ పేరు చూసి ఆగిపోయారు. పేరు మారిస్తే పని మారదు. ఇన్వాయిస్‌లు 11, లెడ్జర్ పద్దులు 12, చెక్కులు 11, కలిపి ట్రంప్ మీద 34 అభియోగాలు. 2024 మే 30న జ్యూరీ 34లోనూ దోషి అంది. నోరు మూయించడానికి డబ్బిచ్చి ఒప్పందం రాసుకోవడం దానికదే నేరం కాదు. ఇక్కడ కేసు రికార్డుల్లో రాసిన అబద్ధం మీద.

క్లయింటు పేరుకు కూడా మామూలుగా ఈ రక్షణ ఉండదు. 2018 ఏప్రిల్ 9న ఎఫ్‌బీఐ కోహెన్ ఆఫీసు, ఇల్లు సోదా చేసింది. వారం తర్వాత అతని లాయర్లు ఒక క్లయింటు పేరు దాచబోతే, జడ్జి కింబా వుడ్ కోర్టులోనే చెప్పమన్నారు. టీవీ వ్యాఖ్యాత షాన్ హానిటీ పేరు బయటికొచ్చింది. అలాగని పట్టుకున్న కాగితాలన్నీ నేరుగా ప్రాసిక్యూటర్ల చేతికి ఇవ్వలేదు. ఏది నిజంగా సలహాయో వేరు చేయడానికి రిటైర్డ్ జడ్జి బార్బరా జోన్స్‌ను పెట్టారు. ప్రివిలేజ్‌ను నిజంగా గౌరవించడమంటే ఇదే అని నా నమ్మకం.

ఒక్కోసారి మాటకు కూడా రక్షణ పోతుంది. మన పాత సాక్ష్య చట్టం 126వ సెక్షన్‌లో దీనికి చక్కటి ఉదాహరణలున్నాయి. "ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అంటే రహస్యం. "ఈ ఫోర్జరీ దస్తావేజుతో ఆస్తి దక్కించుకోవాలి, దావా వేయండి" అంటే కాదు. అమెరికాలోనూ ఈ గీత ఉంది: జరిగిపోయిన తప్పుకు సలహా వేరు, జరగబోయే తప్పుకు సాయం వేరు.

అభ్యాసం ఒక్కటే, కష్టమైనదే. 1973 మార్చి 21న వైట్‌హౌస్ న్యాయ సలహాదారు జాన్ డీన్, వాటర్‌గేట్ కేసులో (ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో చొరబాటు) నేరం ఒప్పుకున్న హంట్ డబ్బు అడుగుతున్నాడని అధ్యక్షుడు నిక్సన్‌కు చెప్పాడు. ఆ రాత్రే 75,000 డాలర్లు హంట్ లాయరుకు చేరాయి. హంట్ అడిగినదాంట్లో లాయరు ఫీజులూ ఉన్నాయి. డీన్ చెప్పిన మాటకు, చేరిన డబ్బుకు, ఫీజు భాగానికి విడివిడిగా జవాబు రాయండి. ప్రతి జవాబులో ఏ క్రియను పట్టుకున్నారో చూపించండి. "అతను లాయరు కాబట్టి" అని మొదలయ్యే జవాబును నేను దిద్దను.