ఆర్కే బీచ్‌లో డెమో జంప్‌కు ఒప్పుకునే ముందు

నవంబరు నుంచి సంక్రాంతి దాకా విశాఖలో ఈవెంట్ల సీజన్. నేవీ విన్యాసాలు చూస్తూ పెరిగిన ఊరు కాబట్టి, ఏదైనా ప్రారంభోత్సవం పెట్టుకున్నవాళ్లకు "మనమూ ప్యారాచూట్ మీద ఒకర్ని దింపిద్దాం" అనిపించడం వింతేమీ కాదు. స్కైడైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు అలాంటి డెమో జంప్ (జనం ముందు ప్రదర్శనగా దూకడం) కోసం ఫోన్ వస్తే, సరే అనే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది నీళ్లు. 2025 జనవరి 2న ఇదే బీచ్‌లో నేవీ రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి ప్యారాచూట్లు గాలిలో చిక్కుపడి, ఇద్దరూ సముద్రంలో పడ్డారు. దగ్గర్లో ఉన్న బోటు వెంటనే చేరుకోబట్టి బయటపడ్డారు. వాళ్లు అందులో ఆరితేరినవాళ్లు. మిమ్మల్ని పిలిచినవాళ్లు బోటు పెడుతున్నారా? అమెరికా ప్యారాచూట్ సంఘం యూఎస్‌పీఏ నియమం ప్రకారం, దూకే చోటు గానీ, ప్యారాచూట్ తెరుచుకునే చోటు గానీ, దిగే చోటు గానీ మనిషి మునిగిపోయేంత నీటికి మైలు లోపు ఉంటే, నీటిలో తేల్చే సాధనం ఒంటి మీద ఉండాలి. ఆర్కే బీచ్‌లో ఎక్కడ దిగినా ఇది వర్తిస్తుంది. బోటు లేదంటే జంప్ లేదనండి.

అర్హత సంగతి. లైసెన్స్ వేరు, జనం మధ్య దిగే అర్హత వేరు. యూఎస్‌పీఏ దీనికి ప్రో రేటింగ్ ఇస్తుంది. రెక్క ఆకారపు (ర్యామ్-ఎయిర్) ప్యారాచూట్‌తో కనీసం 500 జంప్‌లు, గత 12 నెలల్లో 50, అందులో 5 డెమోలో వాడబోయే మోడల్, సైజుతోనే చేసి ఉండాలి. పైగా ముందే ప్రకటించి, చెప్పిన గుర్తు దగ్గరే, పడిపోకుండా కాళ్ల మీద దిగి చూపించాలి. ఇరుకైన చోట్లలో జనం తలల మీదుగా 50 అడుగుల కంటే కిందికి రాకూడదు, వాళ్లకు 15 అడుగుల కంటే దగ్గర దిగకూడదు. ఇవన్నీ అమెరికా లెక్కలే. అయినా ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు రద్దీని తలుచుకుంటే ఇంతకంటే తక్కువకు ఒప్పుకోవాలని నాకైతే అనిపించదు.

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ప్యారాచూట్ సైజు. మీ బరువు 75 కిలోలు, గేర్ 12, జెండా, దాని కింద వేలాడే బరువు, పొగ డబ్బా కలిపి ఇంకో 5 అనుకుందాం. మొత్తం 92 కిలోలు, అంటే సుమారు 203 పౌండ్లు. 150 చదరపు అడుగుల ప్యారాచూట్ మీద అయితే చదరపు అడుగుకు 1.35 పౌండ్లు పడుతుంది. 230 అయితే 0.88. ఈ తేడా నేల దగ్గరికి వచ్చాక తెలుస్తుంది. చిన్నది వేగంగా దూసుకొస్తుంది, మలుపులో ఎత్తు ఎక్కువ పోగొడుతుంది, అకస్మాత్తుగా ఓ పిల్లాడు అడ్డం వస్తే ఆలోచించే వ్యవధి ఇవ్వదు. డ్రాప్ జోన్‌లో (స్కైడైవర్లు మామూలుగా దూకే మైదానంలో) సరదా తీర్చే ప్యారాచూట్ ఇక్కడికి పనికిరాదు. అలాగని పెద్దది అరువు తెచ్చుకుని నేరుగా బీచ్‌కి రాకండి, ముందు దాని మీద చేయి తిరగాలి. పెద్దదానికీ ఓ చిక్కుంది: గాలి ఎక్కువైతే ముందుకు సాగదు, వెనక్కి కొట్టుకుపోతుంది.

గాలి గురించి మరో మాట. మధ్యాహ్నానికి మామూలుగా సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. అప్పుడు బీచ్ రోడ్డు భవనాల సుడిగాలి వాటి వెనక వీధుల్లో పడుతుంది, ఇసుక మీద గాలి నిలకడగా ఉంటుంది. కానీ గాలికి ఎదురుగా దిగాలంటే భవనాల మీదుగా, జనం మీదుగా రావాలి. కాబట్టి ఒడ్డు వెంబడే, పక్కగాలిలో దిగడం సాధన చేయండి. తెల్లవారుజామున నేల గాలి సముద్రం వైపు వీస్తుంటే రెండూ తలకిందులు: సుడి ఇసుక మీదే ఉంటుంది, పొరపాటైతే నీళ్లలోకే. భవనం ఎత్తుకు పది, ఇరవై రెట్ల దూరం దాకా ఆ సుడి ఉండొచ్చు.

సంక్రాంతి ముందు గాలిపటాల మాంజా, ఎప్పుడైనా ఈవెంట్ వాళ్ల డ్రోన్లు అడ్డొస్తాయి. జంప్ టైముకు డ్రోన్లన్నీ కిందే ఉండాలని ముందే తేల్చుకోండి. దిగే చోటుకు మూడు వైపులా తాడు కట్టించి, మురీ మిక్చర్ బళ్లతో సహా అందర్నీ దాని అవతలే ఉంచాలి.

అనుమతి మాటల్లో తేలేది కాదు. ఇక్కడి గగనతలం నేవీ వారి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ అదుపులో ఉంటుంది. దాంతోపాటు పోలీసులు, జిల్లా యంత్రాంగం. కాగితాలు మీ కళ్లతో చూడండి, "అన్నీ మాట్లాడేశాం సార్" అంటే చాలదు.

ఇన్సూరెన్స్ దగ్గర ఆగి చదవాలి. మన ఆరోగ్య బీమా పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ 09 (బీమా వర్తించని సందర్భం) అని ఒకటుంటుంది. సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని గాయపడితే చికిత్స ఖర్చు ఇవ్వరు, ఆ జాబితాలో స్కైడైవింగ్ పేరు పెట్టి మరీ ఉంది. పారితోషికం తీసుకుని దూకితే మీరు ప్రొఫెషనలే అని కంపెనీ వాదించొచ్చు. యూఎస్‌పీఏ సభ్యత్వంతో వచ్చే థర్డ్ పార్టీ బీమా డెమోలకు కాదు, వాటికి విడిగా తీసుకోవాలి. కింద ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి? నిర్వాహకుల పాలసీలో ప్యారాచూట్ జంప్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసి, కాపీ తీసుకోండి.

గేర్‌కి ఉప్పునీళ్లు తగిలితే ఆలస్యం చేయకుండా మంచినీళ్లతో కడిగి, రిగ్గర్ (ప్యారాచూట్లు సరిచూసే నిపుణుడు) చూశాకే మళ్లీ వాడాలి.

చివరగా ఒప్పంద పత్రంలో ఒక వాక్యం రాయించుకోండి: గాలి ఫలానా వేగం దాటితే జంప్ రద్దు, ఆ నిర్ణయం జంపర్‌దే, రద్దయినా ప్రయాణ ఖర్చులూ పారితోషికంలో సగమూ ఇవ్వాలి. మంత్రిగారు వేదిక మీద ఎదురుచూస్తున్నారని ఎవరో ఫోన్ చేసి తొందరపెట్టినప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.