పాత వార్‌గేమ్‌లో క్లిక్ పక్క గడిలో పడుతుంటే

షడ్భుజి గడుల మ్యాప్ ఉన్న పాత వార్‌గేమ్‌లంటే నాకు ఏళ్లుగా పిచ్చి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఒకటి ఎక్కించాను. ట్యాంకుల దళం మీద నొక్కితే పక్క గడిలోని ఫిరంగి దళం ఎంపికయ్యేది. మ్యాప్ కుడి అంచుకు వెళ్లేకొద్దీ తేడా పెరిగేది. అంటే తప్పు మౌస్‌ది కాదు, తెర మీద అన్నిటినీ పెద్దవిగా చూపే డిస్‌ప్లే స్కేలింగ్‌ది. విండోస్‌లో అది 150 శాతం ఉంది. ఆట ఫైల్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, హై డీపీఐ సెట్టింగ్స్ తెరిచి, స్కేలింగ్‌ను అప్లికేషన్‌కే వదిలేశాను. క్లిక్ సరిగ్గా పడింది. అక్షరాలు మాత్రం చీమల్లా అయ్యాయి! రిజల్యూషన్ తగ్గించి సర్దుకున్నాను.

ఇంకో తలనొప్పి: నేను మార్చిన సినారియోలు (ఆటలోని యుద్ధ ఘట్టాల ఫైళ్లు), ఆట ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కనిపించలేదు. పాత ఆటలు అక్కడ ఫైళ్లు రాయబోతే విండోస్ ఆ ఫైళ్లను వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్‌కి మళ్లిస్తుంది. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ బయట ఇంకో ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ఆ గొడవే లేదు.