సిస్టమ్‌లో స్టాకుంది, షాపులో ప్లేటు లేదు: ఎక్కడ వెతకాలి

సమస్య: ఎంఆర్‌పీ (ఆర్డర్లకి ఏ సరుకు ఎంత కొనాలో లెక్కేసే ప్రోగ్రాం) రన్ చేస్తే 10 ఎంఎం స్టీలు ప్లేటు 2 టన్నుల పైనే ఉందని చూపించింది, అందుకే ఇండెంట్ (కొనుగోలు కోరిక) పడలేదు. తీరా కటింగ్ రోజు యార్డులోకి వెళ్తే గోడకి చేరేసిన ముక్కలే తప్ప నిండు ప్లేటు ఒక్కటీ లేదు. విశాఖ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపు ప్లానింగ్ చూసేవాళ్లకి ఈ టెన్షన్ కొత్తేం కాదు. ముందు తిట్లు పడేది స్టోర్స్ కుర్రాడికి, కానీ అతని లెక్క సాధారణంగా కరెక్టే.

కారణం: సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది కిలోలే, కొలతలు తెలియవు. స్టీలు ప్లేటు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి 7.85 కిలోలు తూగుతుంది, అంటే 2.5 మీటర్లు బై 1.2 మీటర్ల 10 ఎంఎం ముక్క 235.5 కిలోలు. అలాంటివి తొమ్మిది ఉంటే 2 టన్నులు దాటిపోయింది. మీకు కావాల్సిందేమో 4 మీటర్ల పొడుగు ప్లేటు. తొమ్మిదిలో ఏదీ చాలదు, అయినా నెట్టింగ్‌లో (అవసరంలోంచి ఉన్న స్టాకు తీసేసే లెక్కలో) అవసరం కన్నా స్టాకే ఎక్కువ కాబట్టి సిస్టమ్ హాయిగా ఊరుకుంటుంది.

పరిష్కారం: ముక్కల్ని వేరే లొకేషన్‌లోకి మార్చి, దాన్ని ప్లానింగ్ లెక్కలోంచి తప్పించండి. మీ సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీ అయితే, పాత వెర్షన్లలో మెటీరియల్ మాస్టర్‌లోని స్టోరేజ్ లొకేషన్ ఎంఆర్‌పీ ఇండికేటర్‌తో అయిపోయేది, కొత్తదైన ఎస్/4హానాలో ఎంఆర్‌పీ ఏరియాతో చేయాలి. ఒరాకిల్‌లో అయితే ఆ సబ్ఇన్వెంటరీని (అక్కడ లొకేషన్‌కి ఆ పేరే) నాన్-నెట్టబుల్‌గా, అంటే లెక్కలోకి రానిదిగా పెడితే చాలు.

అక్కడితో ఆగితే ఆ ముక్కల్ని ఇక ఎవరూ ముట్టుకోరు, కొత్త ప్లేట్లు వస్తూనే ఉంటాయి. అందుకని ఒక్కో ముక్కకి ఒక బ్యాచ్, అందులో పొడవు, వెడల్పు, మందం, హీట్ నంబరు (ఆ స్టీలు ఏ కరిగింపులోదో చెప్పే మిల్లు నంబరు) ఎక్కించి, రన్‌కి ముందే ఆ జాబితా నెస్టింగ్ చేసేవాళ్ల (ఏ ప్లేటులోంచి ఏ పార్టు కోయాలో అమర్చేవాళ్ల) చేతికిస్తే, సరిపోయేవి వాళ్లు రిజర్వ్ చేస్తారు, మిగతా అవసరమే కొనుగోలుకి వెళ్తుంది. హీట్ నంబర్ని కటింగ్‌కి ముందే రెండో వైపుకీ పంచ్ చేయించండి. మన సముద్రపు గాలికి పెయింటు రాత తుప్పులో కలిసిపోతుంది, నంబరు లేని ముక్కని షిప్ పనికి ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. ఎంత సైజు లోపు స్క్రాప్ అన్నది కూడా ముందే తేల్చేయండి, "ఎప్పటికైనా పనికొస్తుందిలే" అన్న మాటకి యార్డు చాలదు.

ముక్క అసలు సిస్టమ్‌లోకే రాకపోతే బ్యాక్‌ఫ్లష్ (పని అయ్యాక వాడిన సరుకుని సిస్టమే ఖర్చు రాసుకోవడం) చూడండి. ప్లేటంతా ఖర్చయినట్టు రాసి, మిగిలిందాన్ని రిసీట్ చేయడం మర్చిపోతారు. ఎస్‌ఏపీలో దానికి 531 మూవ్‌మెంట్ (స్టాకు మార్పు కోడ్) ఉంది.

కస్టమర్ ఇచ్చిన ప్లేటు ఇంకొకరి ఆర్డరుకి కేటాయించేస్తుంటే, దాన్ని సొంత స్టాకుగా రిసీవ్ చేశారన్నమాట. యజమాని పేరుతో, మీ పుస్తకాల్లో విలువ లేకుండా విడిగా పెట్టాలి. బయటికి జాబ్ వర్క్‌కి పంపిన సరుకు యార్డులో ఉన్నట్టే కనిపిస్తే, చలాన్ రాశారు గానీ సిస్టమ్‌లో సబ్‌కాంట్రాక్టర్ స్టాకులోకి మార్చలేదు. ఇది ప్లానింగ్ గొడవతో పోదు, సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 143 ప్రకారం ఇన్‌పుట్స్ ఏడాదిలోగా తిరిగి రావాలి.

ఇందుకు పూర్తి రివర్సు కేసూ ఉంది: ప్లేటు కళ్లెదుటే ఉంటుంది, సిస్టమ్ మాత్రం కొనమంటుంది. చాలాసార్లు అది రద్దయిన ఆర్డరు పేరుతో ఉండిపోయిన సేల్స్ ఆర్డర్ స్టాకు (ఒక్క ఆర్డరుకే కట్టేసినది), ఎస్‌ఏపీలో 411-E మూవ్‌మెంట్‌తో సొంత స్టాకులోకి తెచ్చి మళ్లీ రన్ చేయండి.