టీవీ థ్రిల్లర్ చూసే ముందు ప్రేక్షకుల అభిప్రాయాలు ఎలా చదవాలి

మంచివాడనుకున్న మొగుడో, పక్కింట్లో కొత్తగా దిగినావిడో ప్రాణం మీదికి తెచ్చే కథలు, అదే, లైఫ్‌టైమ్ లాంటి అమెరికన్ ఛానెళ్లలో టీవీ కోసమే తీసే థ్రిల్లర్లు చూసే ముందు రేటింగ్ అంకె ఒక్కటే చూసి వదిలేయకండి. పదికి 5 అంటే అందరికీ ఓ మోస్తరుగా అనిపించిందా, లేక సగం మంది 9, సగం మంది 1 ఇచ్చారా? రెండో రకమైతే నేను తప్పకుండా చూస్తాను. మధ్యస్థంగా మార్కులిచ్చినవాళ్లవి ముందు చదవండి, బాగోగులు విడమరిచి చెప్పేది ఎక్కువగా వాళ్లే.

'ఆమె పోలీసులకు ఎందుకు ఫోన్ చేయదు?' అనే విమర్శ తరచూ కనిపిస్తుంది. వెంటనే నమ్మేయొద్దు. భర్త ఫోన్ లాక్కోవడం, బ్యాంకు ఖాతా తన చేతిలో పెట్టుకోవడం, పిల్లల్ని దూరం చేస్తానని బెదిరించడం సినిమాలో చూపించారంటే ఆ భయానికి కారణం ఉన్నట్టే. నిజం ఇళ్లలోనూ జరిగేది ఇదే, ఆమెను తెలివితక్కువది అనేయడం అన్యాయం.

మాటిమాటికీ షాక్‌లేంటని విసుక్కున్నవాళ్లు ఎక్కడ చూశారో కూడా గమనించండి. యాడ్స్ బ్రేక్‌కి ముందు తలుపు చప్పుడో, వంటింటి గట్టు మీద ఒక్కసారిగా వెలిగిన ఫోనో చూపించి ఆపడం టీవీ సినిమా పద్ధతి, అదే యాడ్స్ లేకుండా ఓటీటీలో చూస్తే ఆ అతుకులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

మీరు రాసేటప్పుడు మాత్రం హంతకుడెవరో మొదటి లైన్లోనే చెప్పేయకండి, ప్లీజ్. నటన గురించి, ముగింపు గురించి విడివిడిగా రాయండి. ముగింపు హడావుడిగా అనిపిస్తే, ఏ సీన్ నుంచి కథ పరుగులు పెట్టిందో చెప్పండి చాలు.