కాలనీలో స్కేట్‌పార్క్ కావాలంటే: స్థలానికి, సీఎస్ఆర్ నిధులకు దరఖాస్తు విధానం

సాయంత్రం ఆరు దాటాక మా వీధిలోకి వస్తే, ఆపి ఉన్న బైకుల మధ్య సందులోంచి ఒక పన్నెండేళ్ల అమ్మాయి స్కేట్‌బోర్డు మీద దూసుకొస్తూ కనిపిస్తుంది. ఆ బోర్డు చక్రం అడ్డంగా కొలిస్తే ఐదు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. శనగగింజంత కంకర రాయి కింద పడితే చాలు, బోర్డు అక్కడే ఆగిపోతుంది, పిల్ల మాత్రం ముందుకు ఎగిరిపడుతుంది. పోయిన వేసవిలో ఆ పిల్ల రెండు అరచేతులూ చెక్కుకుపోయి, ఆ చేతులతోనే బోర్డు చంకలో పెట్టుకుని ఇంటికి పోతుంటే చూశాను. రోడ్డు మీద ఆడొద్దమ్మా అని చెప్పడం తేలికే. మరి ఎక్కడ ఆడాలి అని అడిగితే మన దగ్గర జవాబుండాలి కదా.

ఆ జవాబు కోసం మున్సిపాలిటీ స్థలం, ఒక కంపెనీ సీఎస్ఆర్ డబ్బు (అంటే కంపెనీ తన లాభంలోంచి సామాజిక పనులకు పెట్టేది), కాలనీవాళ్ల పూచీ మూడూ ఒక చోటికి రావాలి. స్కేట్‌పార్క్ కోసమని, అంటే నున్నటి నేల, ర్యాంపులు ఉన్న స్కేటింగ్ ఆటస్థలం కోసమని, ప్రత్యేకంగా ఒక ఫారం, ఒక కౌంటర్ ఎక్కడా లేవు. స్థలానికి ఒక దరఖాస్తు, డబ్బుకు ఒక దరఖాస్తు, ఇలా రెండు చేసుకోవాలి. ఇందులో ఏది ముందు అన్న దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. మేమూ తిన్నాం. స్థలం కాగితం చేతిలో లేకుండానే రంగు ఫొటోలతో ప్రపోజల్ తయారుచేసి ఒక కంపెనీకి పంపాం. రెండు నెలల తర్వాత వచ్చిన జవాబు ఒక్క ప్రశ్నే: "స్థలం ఎవరి పేరున ఉంది?" మా దగ్గర సమాధానం లేదు. ఆ ఏడాది అలాగే పోయింది.

ముందు స్థలం

అనుమతి పొందిన లేఅవుట్‌లో కొంత స్థలాన్ని పార్కుకు, ఆటలకు వదిలి, రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. పాత లేఅవుట్లలో ఈ డీడ్ జరిగి ఉండకపోవచ్చు, ఉన్నా ఓ మూల ఎవరో షెడ్డు వేసి ఉండొచ్చు. కాబట్టి మొదట చేయాల్సింది టౌన్ ప్లానింగ్ సెక్షన్ నుంచి ఆమోదిత లేఅవుట్ ప్లాన్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ తెచ్చుకోవడం. ఊరికే అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాపీ పట్టుకుని స్థలానికి వెళ్లి, కొలతలు సరిపోతున్నాయో లేదో టేపుతో స్వయంగా చూసుకోండి.

పార్కు కోసం చూపిన స్థలాన్ని ఇంకో పనికి వాడటం కుదరదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఈ సంగతి గట్టిగా చెప్పింది. అందుకే మనం అడిగేది టికెట్ లేకుండా అందరికీ తెరిచి ఉండే పిల్లల ఆటస్థలం అని దరఖాస్తులో స్పష్టంగా ఉండాలి. కోచింగ్ సెంటరుకు అద్దెకిస్తాం, ఫీజు పెడతాం అన్న మాట ఎక్కడా రానివ్వకండి. చెట్లు కొట్టకుండా, పార్కు అంతా కాంక్రీటు చేయకుండా ఒక భాగంలోనే కట్టేలా అడిగితే వాకింగ్ చేసే పెద్దవాళ్లూ సంతకం పెడతారు. లేఅవుట్‌లో అంత ఖాళీ లేకపోతే జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ మైదానంలో ఓ మూల అడగొచ్చు. అప్పుడు అర్జీ కలెక్టర్ గారికి వెళ్తుంది.

కమిషనర్‌కు ఇచ్చే అర్జీ ఒక పేజీ దాటకూడదు. మేం రెండోసారి రాసినది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, మా కాలనీ సంక్షేమ సంఘం నమస్కరించి విన్నవించుకునేది. విషయం: లేఅవుట్ పార్కు స్థలంలో కొంత భాగంలో ఉచిత స్కేట్‌పార్క్ నిర్మాణానికి నిరభ్యంతర పత్రం ఇప్పించవలసిందిగా కోరుట. సదరు స్థలం యాజమాన్యం పూర్తిగా మున్సిపాలిటీదే. నిర్మాణ ఖర్చును సీఎస్ఆర్ నిధుల నుంచి తెచ్చుకుంటాము. రోజువారీ శుభ్రత, కాపలా బాధ్యత మా సంఘం తీసుకుంటుంది. ప్రవేశ రుసుము ఉండదు. దయచేసి ఈ విషయాన్ని కౌన్సిల్ ముందు పెట్టి తీర్మానం చేయించగలరని, ఇంజినీరింగ్ విభాగం ద్వారా ఎస్టిమేట్ వేయించగలరని ప్రార్థన."

దీనికి లేఅవుట్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ, ప్రస్తుతం స్థలం ఎలా ఉందో చూపే ఫొటోలు, సంఘం జనరల్ బాడీ తీర్మానం, సంతకాల జాబితా జత చేయండి. పార్కు గోడకు ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్ల సంతకాలు తప్పనిసరిగా తీసుకోండి. చట్టం అడుగుతుందని కాదు. బోర్డు కాంక్రీటుకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు పెద్దదే, రేపు ఫిర్యాదు చేసేది వాళ్లే. రాత్రి ఎనిమిదిన్నరకు లైట్లు ఆపేస్తామని ముందే రాసిచ్చాక, మా దగ్గర ముఖం తిప్పుకున్న ఒక పెద్దాయన వచ్చి మరీ సంతకం పెట్టారు.

అర్జీ ఇచ్చిన రోజే ఇన్‌వార్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేసిన కాపీ చేతిలోకి తీసుకోండి. ఆ నంబరు లేకపోతే ఫైల్ గురించి అడగడానికి మీకు ఆధారమే ఉండదు. వార్డు కౌన్సిలర్‌నో కార్పొరేటర్‌నో కలిసి అజెండాలో పెట్టమని అడగండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అదే ఇన్‌వార్డ్ నంబరు రాసి అర్జీ ఇవ్వొచ్చు.

డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి), లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనుల మీద పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి దేశంలోనే పెద్ద పేరున్న కంపెనీ వెంట పడేకన్నా, మీ ఊరి పొలిమేరలో ఉన్న మందుల ఫ్యాక్టరీనో సిమెంటు ఫ్యాక్టరీనో ముందు చూడండి. కేంద్ర ప్రభుత్వ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో, దేని మీద ఎంత ఖర్చు చేసిందో ఉంటుంది. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో సీఎస్ఆర్ పాలసీ ఉండాలి, అదీ చదవండి. చదువు, ఆరోగ్యం మాత్రమే మా రంగాలు అని రాసుకున్న కంపెనీకి ఆటల ప్రపోజల్ పంపడం మన టైమూ వాళ్ల టైమూ వృథా.

ఇక ప్రపోజల్ భాష. చట్టం ఏడో షెడ్యూల్‌లో క్రీడల గురించి ఉన్న మాట "శిక్షణ": గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలను ప్రోత్సహించే శిక్షణ. అంటే "కాంక్రీటు పోయించండి" అని అడిగితే సరిపోదు. వారంలో ఎన్ని రోజులు, ఎవరు, ఎంతమంది పిల్లలకు నేర్పుతారో రాయాలి. స్కేట్‌బోర్డింగ్ టోక్యో ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్ క్రీడ. 2021లో జరిగిన ఆ పోటీల్లో మహిళల స్ట్రీట్ (మెట్లు, రెయిలింగుల మీద ఆడే) విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మొమిజి నిషియా వయసు 13 ఏళ్లు, వెండి గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రైస్సా లీల్ వయసూ 13 ఏళ్లే. మన దేశంలో ఈ ఆట రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కిందకు వస్తుంది. 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లోనూ ఉంది. ఇవన్నీ ఒక పేరాలో పెట్టండి. కంపెనీ బోర్డులో కూర్చున్నవాళ్లకు ఇది వీధి అల్లరిగా కాక ఆటగా కనిపించాలి.

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి. 2013లో బెంగళూరులో లెవీస్ కంపెనీ సాయంతో హోలీస్టోక్డ్ కలెక్టివ్ కుర్రాళ్లు, విదేశాల నుంచి వచ్చిన వాలంటీర్లతో కలిసి ఉచిత స్కేట్‌పార్క్ కట్టారు. 2015లో మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న ఊళ్లో జర్మనీకి చెందిన ఉల్రికె రైన్‌హార్ట్ ఒక పార్కు కట్టించారు. అక్కడ పెట్టిన నియమాలు రెండు: బడికి వెళ్లకపోతే స్కేటింగ్ లేదు, ఎప్పుడూ ఆడపిల్లలకే ముందు అవకాశం. ఆ రెండు నియమాలనూ మేం మా ప్రపోజల్‌లో అలాగే పెట్టుకున్నాం. నాకు మొత్తం దరఖాస్తులో అన్నింటికన్నా నచ్చిన పేజీ అదే.

డబ్బు ఎవరి ఖాతాలోకి రావాలి

ఎక్కువ టెన్షన్ పెట్టే భాగం ఇదే. చాలామంది హడావిడిగా ఏడుగురిని పోగేసి, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కొత్త సంఘం పెట్టేస్తారు. కానీ కంపెనీ డబ్బును బయటి సంస్థ ఖర్చు చేయాలంటే, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ సంస్థ కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. దానికి సంస్థ పాన్, 12ఏ (ధర్మ సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను రాయితీ) అని అందరూ పిలిచే ఇన్‌కమ్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్లు, డిజిటల్ సిగ్నేచర్, ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్‌దో కంపెనీ సెక్రటరీదో ధ్రువీకరణ కావాలి. వీటన్నిటికీ తోడు, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. నిన్న పుట్టిన సొసైటీకి అది ఎక్కడి నుంచి వస్తుంది? కాలనీ సంక్షేమ సంఘం పాతదే అయినా, అది సభ్యుల బాగోగుల కోసం పెట్టుకున్నది కాబట్టి 12ఏ దొరకడం కష్టం.

అందుకని కొత్త సంఘం ఆలోచన పక్కన పెట్టి, మీ జిల్లాలో పిల్లల కోసమో ఆటల కోసమో ఏళ్లుగా పనిచేస్తూ సీఎస్ఆర్-1 నంబరు ఉన్న ట్రస్టును వెతకండి. డబ్బు ఆ ట్రస్టుకు వస్తుంది, ఖర్చు అదే చేస్తుంది. కట్టిన పార్కు మాత్రం మున్సిపాలిటీ ఆస్తిగా ఉంటుంది. సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు, ప్రభుత్వ సంస్థ పేరున ఉండొచ్చని 2021 సవరణ నియమాలు చెబుతున్నాయి. కంపెనీ, మున్సిపాలిటీ, ట్రస్టు, కాలనీ సంఘం నలుగురూ సంతకం పెట్టే ఒప్పంద పత్రంలో ఈ మాట మొదటి పేజీలోనే ఉండాలి.

ఎప్పుడు అడగాలి

కంపెనీలోని సీఎస్ఆర్ కమిటీ ప్రతి ఆర్థిక సంవత్సరానికి ఒక కార్యాచరణ ప్రణాళిక వేస్తుంది. అది ఏప్రిల్‌కు ముందే తయారవుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి నాటికి మీ ప్రపోజల్ వాళ్ల బల్ల మీద ఉండాలి. ఏటా పెట్టాల్సింది 50 లక్షల లోపు ఉన్న కంపెనీకి విడిగా కమిటీ అక్కర్లేదు, బోర్డే నిర్ణయిస్తుంది. అలాంటి చిన్న కంపెనీలో నిర్ణయం త్వరగా జరగొచ్చు. పని ఏడాదిలో పూర్తి కాదనుకుంటే "కొనసాగే ప్రాజెక్టు"గా పెట్టమని అడగండి. మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకు దానికి గడువు ఉంటుంది.

ఎస్టిమేట్ దగ్గర ఒక్క జాగ్రత్త. మున్సిపల్ ఇంజినీర్ల రేట్ల పట్టికలో సీసీ రోడ్డుకు, డ్రైనుకు రేట్లు ఉంటాయి గానీ వంపు తిరిగిన ర్యాంపుకు ఉండవు. రోడ్డు కాంట్రాక్టర్ చేతికిస్తే వాలు దగ్గర నేల అలలు అలలుగా వస్తుంది, పిల్లలు పడతారు. స్కేట్‌పార్కులు కట్టిన అనుభవం ఉన్నవాళ్ల డిజైన్, వాళ్ల కొటేషన్ జత చేయించండి. గుంతలాంటి బౌల్ పెడితే అడుగున డ్రైన్ పైపు డిజైన్‌లో కచ్చితంగా ఉండాలి. మన దగ్గర ఒక్క జూలై వానకే అది దోమల చెరువవుతుంది. మధ్యాహ్నం ఎండకు కాంక్రీటు మీద చెయ్యి పెట్టలేం కాబట్టి లైట్లు, తాగునీళ్లు, ఒక మూల నీడ కూడా ఎస్టిమేట్‌లోనే రాయించాలి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. హెల్మెట్లు, మోకాలి ప్యాడ్లు కూడా అంతే.

డబ్బు విడతలుగా వస్తుంది. ప్రతి విడతకూ బిల్లులు, ఫొటోలు, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) ట్రస్టు ఇవ్వాలి. ఖర్చు చెప్పిన పనికే అయిందని ఆ కంపెనీ ఫైనాన్స్ అధికారి తన బోర్డుకు ధ్రువీకరించాలి, అందుకే వాళ్లు కాగితాల కోసం అంత పట్టుబడతారు. ఒక ఫైలు కాలనీ సంఘం ఆఫీసులో కూడా పెట్టుకోండి. మా ఫైలులో మొదటి కాగితం ఇన్‌వార్డ్ నంబరున్న అర్జీ, రెండోది కౌన్సిల్ తీర్మానం. మూడోది ఆ అమ్మాయి గీసిచ్చిన పార్కు బొమ్మ. పెన్సిల్‌తో గీసిన ఆ బొమ్మలో డ్రైన్ పైపు కూడా ఉంది.