బడికి రాని పిల్లల సంగతి: క్లాస్ టీచర్‌కు పనికొచ్చే పద్ధతి

పిల్లవాడు బడి మానేశాడని అందరికీ తెలిసేసరికి సాధారణంగా నెల దాటిపోతుంది. అప్పుడు మండల విద్యాధికారి (ఎంఈఓ) ఫోన్, బడుల క్లస్టర్‌ను చూసే సీఆర్పీ వాకబు, కాలనీలో సర్వే అన్నీ మొదలవుతాయి. ఈ హడావుడిలో చాలా భాగం మూడో రోజున ఒక ఫోన్ కాల్‌తో తప్పిపోయేదే. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 10 తరగతుల క్లాస్ టీచర్ల కోసం. ప్రైవేటు బడులకూ చాలావరకు పనికొస్తుంది.

హాజరు పట్టిక రాసేటప్పుడు

హాజరు రోజుకు రెండుసార్లు వేయాలి. ఉదయం మొదటి పీరియడ్‌లో ఒకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ ఒకసారి. రెండోది ఎగ్గొట్టి, పొద్దుటి గీతనే చూసి వేసేసే అలవాటు చాలామందికి ఉంది. అన్నం తిని ఇంటికి జారుకునే పిల్లలు దొరకనిది అక్కడే. నాలుగైదు తరగతుల నుంచి ఇలాంటివాళ్లు ప్రతి బడిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు.

పేర్లు పిలిచాక తలలు లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవకపోతే స్నేహితుడి తరఫున ఎవరో "ప్రెజెంట్ సార్" అన్నట్టే.

గడి ఖాళీగా వదలకండి. కాసేపాగి వస్తాడేమోనని వదిలిన గడి నెలాఖరుదాకా అలాగే ఉంటుంది. మొత్తాలు కూడేటప్పుడు గుర్తులేక హాజరు వేసేస్తారు. రాకపోతే అప్పుడే గైర్హాజరు వేయండి. ఆలస్యంగా వస్తే ఒక్క గీతతో కొట్టి, సరిచేసి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. వైట్‌నర్ పూసిన పట్టికను తనిఖీకి వచ్చినవాళ్లు ఎవరూ నమ్మరు. హాజరు యాప్‌లో వేసిన సంఖ్య, రిజిస్టర్‌లో సంఖ్య, మధ్యాహ్న భోజనం రిజిస్టర్‌లో సంఖ్య మూడూ పొంతన కుదరాలి. బియ్యం లెక్క ప్రాథమిక స్థాయిలో పిల్లవాడికి 100 గ్రాములు, ప్రాథమికోన్నత స్థాయిలో 150 గ్రాములు. అయిదో తరగతిలో రాని ఆరుగురిని వచ్చినట్టు చూపిస్తే రోజుకు 600 గ్రాములు కాగితం మీద తేలుతుంది. తనిఖీలో పట్టుబడేది ఇక్కడే. కానీ అసలు నష్టం అది కాదు. పట్టికలో హాజరు పడుతున్న పిల్లవాడిని ఎవరూ వెతకరు. దొంగ హాజరు మొదట దాచిపెట్టేది బడి మానేసిన పిల్లవాడినే.

సెలవు చీటీ తెస్తే హాజరు పడుతుందని తల్లిదండ్రుల్లో ఒక నమ్మకం ఉంది. పడదు. చీటీ కారణం చెబుతుందంతే, ఆ రోజు గైర్హాజరే. బడి తరఫున ఆటల పోటీలకో, సైన్స్ ఫెయిర్‌కో వెళ్లినవాళ్ల సంగతి వేరు. ఉత్తర్వు నకలు పట్టికలో పెట్టుకుని హాజరు వేయవచ్చు.

75 శాతం లెక్కలో జరిగే తప్పు

విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. కనీసం ఉండాలనే 75 శాతం హాజరు 220లో 165 రోజులు. అంటే 55 రోజుల దాకా రాకపోయినా గీత దాటనట్టే. ఇది చాలా పెద్ద సంఖ్య. 75 శాతం ఉందంటే బాగా వస్తున్నాడని అనుకోవద్దు. నాలుగు రోజుల్లో ఒకరోజు రాని పిల్లవాడు లెక్కల్లో ఎక్కడో ఒకచోట తెగిపోతాడు. ముఖ్యంగా భిన్నాలు మొదలైన వారంలో రాకపోతే ఆ ఏడాదంతా కుంటుతాడు.

నెలల శాతాలు కూడి సగటు తీయడం తరచూ చూసే తప్పు. జూన్‌లో 12 పనిదినాలు, పిల్లవాడు 12 రోజులూ వచ్చాడు, 100 శాతం. జూలైలో 25కి 15 రోజులు వచ్చాడు, 60 శాతం. సగటు తీస్తే 80. కానీ నిజంగా వచ్చింది 37కి 27 రోజులు, 73 శాతం. ఎప్పుడైనా వచ్చిన మొత్తం రోజుల్ని మొత్తం పనిదినాలతో భాగించాలి.

నవంబరు చివర ప్రతి పిల్లవాడికీ ఇంకో లెక్క వేసుకోండి. అప్పటికి 130 పనిదినాలు అయి, అతను 90 రోజులు వచ్చి ఉంటే, 165 చేరడానికి ఇంకా 75 కావాలి. మిగిలినవి 90. అంటే ఇకమీదట 15 రోజులకు మించి మానకూడదు. "శాతం తగ్గింది" అని తల్లితో చెబితే ఆమెకు ఏమీ అర్థం కాదు. "సంక్రాంతి కాకుండా ఇంకో 15 రోజులే అమ్మా" అంటే వెంటనే అర్థమవుతుంది. ఆంధ్రలో 2020లో, హాజరు షరతుతో తల్లులకు డబ్బిచ్చే అమ్మఒడి పథకం వచ్చినప్పటి నుంచి ఈ 75 శాతం మాట ప్రతి ఇంట్లోనూ తెలుసు, దాన్ని వాడుకోండి.

సీబీఎస్‌ఈ బడుల్లో 10, 12 తరగతులకు హాజరును జనవరి 1 నాటికి లెక్కగడతారు. 75 శాతానికి తగ్గినవాళ్ల కేసులు జనవరి 7 లోపు ప్రాంతీయ కార్యాలయానికి చేరాలి. దీర్ఘకాలిక జబ్బు, తల్లి లేదా తండ్రి మరణం లాంటి కారణాలకు పత్రాలు జతచేయాలి. ఆసుపత్రి కాగితాలు జబ్బు చేసినప్పుడే తీసి ఉంచుకోవాలి. డిసెంబరులో వెనక్కి తేదీలు వేయించుకొచ్చిన సర్టిఫికెట్ నిలబడదు.

మొదటి రోజు, మూడో రోజు, వారం

మొదటి రోజు ఏమీ చేయనక్కర్లేదు. ఆ వీధి నుంచి వచ్చే పిల్లల్ని అడిగితే చాలు, ఊళ్లో సగం సంగతులు వాళ్లకు తెలుసు. మరుసటి రోజు కూడా రాకపోతే సాయంత్రంలోగా ఫోన్ చేయండి. మూడో రోజు దాటనివ్వకండి.

ఫోన్‌లో మాట తీరును బట్టి జవాబు వస్తుంది. "మీ అమ్మాయి ఎందుకు రావట్లేదు?" అంటే అటునుంచి "జ్వరం సార్" అనే ఒక్క మాటే వస్తుంది, నిజమైనా కాకపోయినా. "అమ్మా, బడి నుంచి మాట్లాడుతున్నా. పాప రెండు రోజులై కనబడలేదు. ఒంట్లో బాగుందా?" అని మొదలుపెడితే, రెండో నిమిషానికి "పత్తి ఏరనీకి పోతున్నం సార్, చిన్నోడిని చూసేటోళ్లు లేరు" అన్న అసలు సంగతి బయటికొస్తుంది. పెట్టేముందు "ఏ రోజు పంపుతారమ్మా?" అని అడిగి రోజు చెప్పించుకోండి. ఆ రోజు రాకపోతే మళ్లీ చేయడానికి మీకో దారి ఉంటుంది. పట్టిక వెనక పేజీలో మూడే మూడు రాసుకోండి: ఎవరు మాట్లాడారు, వాళ్ల మాటల్లోనే కారణం, వస్తామన్న తేదీ.

వారం దాటితే ఇంటికి వెళ్లాలి. కూలికి వెళ్లే ఇళ్లకు మధ్యాహ్నం వెళ్తే తాళం కప్పే కనబడుతుంది. పొద్దున ఏడింటిలోపో, సాయంత్రం ఆరు దాటాకో వెళ్లండి. వీలైతే స్కూల్ యాజమాన్య కమిటీలో ఆ వీధి తల్లిని వెంటబెట్టుకోండి. టీచర్ ఒక్కరే వెళ్తే తనిఖీలా ఉంటుంది, ఆమె కూడా ఉంటే పలకరింపులా ఉంటుంది. హాజరు గురించి తల్లిదండ్రులకు ఎప్పటికప్పుడు చెప్పడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరుకు పెట్టిన బాధ్యత కూడా.

కారణాన్ని బట్టి మందు

వరుసగా రానివాడి కంటే విడివిడిగా మానేవాడు ఎక్కువ తప్పించుకుంటాడు. పట్టికను అడ్డంగా కాక నిలువుగా చదవండి. ప్రతి వారం ఊరి సంత రోజునే గైర్హాజరు పడుతుంటే ఇంట్లో ఆ రోజు పని పడుతోంది. ప్రతి సోమవారం అయితే ఆదివారం అమ్మమ్మ ఊరు వెళ్తున్నారు. లెక్కల పరీక్ష రోజునే కడుపునొప్పి వస్తుంటే తల్లిని కాదు, లెక్కల సార్‌ని కదిలించాలి.

అంటుజబ్బులైతే తొందరపెట్టి పిలవకండి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా, గవదబిళ్లలైతే వాపు మొదలయ్యాక అయిదు రోజులు, తట్టు అయితే దద్దు వచ్చాక నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి. ఒకే బెంచీలో ఇద్దరికి వస్తే ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు చెప్పండి.

వలస సంగతి వేరు. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు లాంటి పడమటి మండలాల నుంచి కుటుంబాలు పత్తి, మిరప పనులకు గుంటూరు వైపు వెళ్తాయి. మూటలు కట్టాక పిల్లల్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చిన వారంలోనే ఊళ్లో తెలిసిపోతుంది, అప్పుడే జాబితా రాయాలి. ఇంట్లో అవ్వాతాతలు ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర వదలమని, లేకపోతే ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద వలస కాలంలో నడిచే సీజనల్ హాస్టల్‌లో ఉంచమని తల్లిదండ్రుల్ని ఒప్పించి అంగీకార పత్రం తీసుకోవాలి. హాస్టల్ ప్రతిపాదన ఆలస్యమైతే హాస్టల్ తెరిచేసరికి బడిలో పిల్లలుండరు. వెంట తీసుకెళ్లక తప్పదంటే, వెళ్లే ఊరి పేరు, మేస్త్రీ ఫోన్ నంబరు రాసుకుని అక్కడి బడికి కబురు పంపండి.

ఏడెనిమిది తరగతుల ఆడపిల్లలు మానేస్తే మగ టీచరు ఫోన్‌లో కారణం రాబట్టలేడు. పెద్దమనిషి అయ్యాక వేడుక దాకా ఇంట్లోనే ఉంచి, ఆ తర్వాత "ఇంక చాల్లే" అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో వెళ్లి మాట్లాడితే పనవుతుంది. మళ్లీ చేరాక మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోతే నెలకు నాలుగు రోజులు మానుతూనే ఉంటుంది, దాన్ని హెడ్‌మాస్టర్ దగ్గర పెట్టాల్సిందే. పెళ్లి మాట వినబడితే మాత్రం సర్దిచెబుతూ రోజులు గడపకండి. 18 నిండని అమ్మాయికి పెళ్లి 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెప్పండి, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లకు తెలియజేయండి.

నెల దాటితే

కారణం చెప్పకుండా 45 రోజులు వరుసగా రాని 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడి బయటి పిల్లలుగా కేంద్ర నిర్వచనం లెక్కిస్తుంది. అంతదాకా ఎదురుచూడమని దాని అర్థం కాదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పేరు కొట్టేయడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, 16వ సెక్షన్ బహిష్కరణను నిషేధించింది. "ఇన్నాళ్లు రాలేదు, మళ్లీ అడ్మిషన్ ఫీజు కట్టు" అనడమూ కుదరదు.

వేరే బడికి వెళ్లినట్టు తెలిస్తే ప్రాథమిక పాఠశాల రికార్డ్ షీట్‌నో, హైస్కూల్ టీసీనో వెంటనే ఇచ్చి, బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పేరును డ్రాప్ బాక్స్ (బడి వదిలినవాళ్ల జాబితా)లోకి పంపండి. పాత బడి వదలకపోతే కొత్త బడి పిల్లవాడి 11 అంకెల శాశ్వత గుర్తింపు సంఖ్య (పెన్) కొట్టినా పేరును తన జాబితాలోకి తీసుకోలేదు. పిల్లవాడు తరగతిలో కూర్చుంటాడు, పుస్తకాల లెక్కలో ఉండడు. ఇటు నుంచి చూస్తే, వేరే ఊరి నుంచి వచ్చినవాడికి టీసీ రాలేదని చేర్చుకోకుండా ఉండకూడదు. చేర్చుకుని తర్వాత తెప్పించుకోండి. ఏళ్లు మీరిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆరో తరగతి, ఆపైన మానేసిన ఆడపిల్లలకు ప్రభుత్వ హాస్టల్ బడి అయిన కస్తూర్బా విద్యాలయం మంచి దారి.

తిరిగొచ్చిన రోజు

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇరవై రోజుల తర్వాత వచ్చినవాడిని గుమ్మం దగ్గర నిలబెట్టి "వచ్చారా దొరగారు" అంటే, మర్నాటి నుంచి మళ్లీ రాడు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. కారణం అడగాలనుకుంటే మధ్యాహ్నం అన్నం దగ్గర, ఒంటరిగా అడగండి. పాత చోటే కూర్చోబెట్టండి. పక్క పిల్లవాడి నోట్సు మొత్తం ఎక్కించమనడం శిక్షతో సమానం. లెక్కల్లో, తెలుగులో ఒక్కో పాఠం మాత్రం ఎంచి, వారం రోజులు రోజుకు ఇరవై నిమిషాలు చెప్పండి. మొదటి రోజే బోర్డు మీదికి పిలవద్దు. మూడో రోజున, అతనికి వచ్చని మీకు తెలిసిన లెక్కకే పిలవండి.